కొట్టేసిన వాక్యం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరూ అంటారు. తప్పుల్లేని కాగితం నా బల్ల మీదికి ఒక్కటి వచ్చినా ఆ కోపం ఎప్పుడో దిగిపోయేది. మా అబ్బాయి హాస్టల్లో చేరిన కొత్తలో రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది, వాడికే తిప్పి పంపాను. ఆ తర్వాత వాడు ఉత్తరం రాయలేదు, ఫోన్ చేస్తాడు. మా ఆయన ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్విస్తారు.

నేను పనిచేసేది యూనివర్సిటీలో విరాళాల విభాగంలో. మెట్ల కింద గది, రెండు బల్లలు, ఒక ఇనప బీరువా. మంచిమనసున్నవాళ్లు ఇచ్చే విరాళాలతో పరిశోధన చేసే పిల్లలకి ఫెలోషిప్పులు నడుస్తాయి. అందుకున్న ప్రతి విద్యార్థీ ఏడాదికోసారి దాతకి ఉత్తరం రాయాలి. దాన్ని నేను దిద్ది, టైపు చేయించి, సంతకం పెట్టించి పంపాలి. మొదటి పేరాలో కృతజ్ఞత, రెండో పేరాలో ప్రగతి, మూడో పేరాలో నమస్కారం. కాలేదు, రాలేదు, తెలియదు అనే మాటలు కనిపిస్తే నా కలం ఊరుకోదు. దాత మనసు చివుక్కుమంటే రేపు ఇంకో పిల్ల చదువు ఆగిపోతుందని నా భయం. ఆ భయంతోనే పదకొండేళ్లు దిద్దాను. మంచిపనే చేస్తున్నానని గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆ దాతల్లో ఒకావిడని మేము లాండ్రీ పెద్దమ్మ అనేవాళ్లం. ఆవిడా ఆవిడ తమ్ముడూ కలిసి నలభై ఏళ్లు లాండ్రీ నడిపారట. తమ్ముడు పోయాక లాండ్రీ అమ్మేసి, వచ్చిందంతా అతని పేరు మీద రసాయనశాస్త్రం పిల్లలకి ఇచ్చేసింది. ఇంతకుమించి మాకు తెలియదు. ఎప్పుడూ ఆఫీసుకి రాలేదు. మూడేళ్లకోసారి కొనసాగింపు ఫారం పంపితే వారంలో సంతకం పెట్టి తిప్పి పంపేది. ఈసారి రెండు నెలలైనా ఫారం రాలేదు.

సంతకం రాకపోతే నష్టపోయేది పొడుగమ్మాయి. తలుపు కింద వంగి లోపలికొస్తుంది కాబట్టి నేను పెట్టిన పేరు. చన్నీళ్లలోనే రక్తపు మరకలు వదిలించే ఎంజైము ఒకటి బూజు నుంచి తీస్తోంది. ఆసుపత్రి దుప్పట్లన్నీ నీళ్లు కాచకుండా ఉతకగలిగితే ఎంత కరెంటు మిగులుతుందో నాకు చెప్పి చెప్పి, నా డబ్బాలో సగం అన్నం తినేసి పోతుంది. పని పూర్తి కావడానికి ఇంకో ఏడాది కావాలి. వాళ్లమ్మ కుట్టుమిషను మీద ఇద్దరు కూతుళ్లని చదివిస్తోంది. ఫెలోషిప్పు ఆగితే మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడతానని ఆ పిల్ల నాతో ముందే చెప్పింది. ఏడవకుండా చెప్పింది. నాకు అదే ఎక్కువ బాధ.

అలాంటి సమయంలో ఆ పిల్ల పెద్దమ్మకి రాసిన ఉత్తరం చూసి నాకు ఒళ్లు మండింది.

"ఈ ఏడాది నా పని కాలేదండీ," అని మొదలుపెట్టింది. "మొదట్లో మరకలు ఇట్టే పోయాయి. ఆరు నెలలుగా ఒక్కటీ పోవడం లేదు. పాత దుప్పట్ల ముక్కలు మానేసి, మీ డబ్బుతో కొత్త తెల్లగుడ్డ కొని, అన్నీ పద్ధతిగా చేస్తున్నాను. నాలుగుసార్లు బూజు మార్చాను. ఎందుకు పోవడం లేదో నాకు తెలియదు. మీ డబ్బు వృథా చేస్తున్నానేమోనని సిగ్గుగా ఉంది."

"ఇదేంటే, దాతకి రాసిన ఉత్తరమా, పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలమా?" అన్నాను.

"నిజమే కదా మేడమ్."

"నిజం నీ గైడుకి చెప్పుకో. అసలే ఆవిడ సంతకం పెట్టలేదు. ఇది చదివితే ఇక పెడుతుందా?"

పిల్ల తల దించుకుంది. నేను ఎర్రకలం తీసి సగం ఉత్తరం కొట్టేశాను. అంచులో 'పరిశోధన ఆశాజనకంగా సాగుతోంది' అని రాసి టైపుకి ఇచ్చాను. ఆ పిల్ల సంతకం పెట్టి వెళ్లింది. ఆ పూట అన్నం కూడా తినలేదు.

దిద్దిన చిత్తుప్రతిని పారేయను, ఫైల్లో పెట్టుకుంటాను. అది నా పద్ధతి. రెండు రోజుల తర్వాత ఫైలు తీస్తే అందులో టైపు చేసిన ఉత్తరం, కింద పొడుగమ్మాయి సంతకంతో సహా, నిక్షేపంలా ఉంది. అంటే కవరులో వెళ్లింది చిత్తుప్రతి. ఎర్రగీతలతో, అంచులో నా అబద్ధంతో. పదకొండేళ్లుగా ఇతరుల తప్పులు పట్టినదాన్ని, ఇంత పెద్ద తప్పు నేనే చేసి స్వయంగా స్టాంపు అంటించి పంపాను.

నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ వచ్చింది. చిన్న మనిషి. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన వేళ్ల చివర్లు పగిలి, మొద్దుబారి ఉన్నాయి. సంచిలోంచి ఆ చిత్తుప్రతి తీసి బల్ల మీద పరిచి, అరచేత్తో మడతలు సాఫీ చేసింది.

"ఈ ఎర్రగీతలు ఎవరివమ్మా?"

"నావేనండీ."

"ఇంతకుముందు ఉత్తరాలు కూడా నువ్వే దిద్దావా?"

"అన్నీ నేనేనండీ."

"అదీ సంగతి. పదేళ్లనుంచి చూస్తున్నా. ఏ పిల్లాడు రాసినా అదే మాట. అన్నీ ఒకే తొట్టిలో ఉతికి ఆరేసినట్టు. ఆశాజనకంగా సాగుతోంది, ఆశాజనకంగా సాగుతోంది. అంత బాగా సాగిపోతుంటే మధ్యలో నేనెందుకు, ఇంకెవరికైనా ఇద్దామని ఈసారి ఫారం పక్కన పడేశా."

ఏ సంతకం కోసం భయపడి దిద్దుతూ వచ్చానో, ఆ సంతకం నా దిద్దుబాటు వల్లే ఆగిపోయింది. క్షమించమని అడుగుదామనుకుంటే ఆవిడ అప్పటికే లేచింది.

"ఆ మరక పోవట్లేదన్న పిల్ల ఎక్కడుంది? చూపించు."

రెండో అంతస్తులో ల్యాబు. పెద్దమ్మని చూసి పొడుగమ్మాయి బిగుసుకుపోయింది. ఆవిడ పలకరింపులు అవీ ఏమీ పెట్టుకోలేదు. తీగ మీద ఆరేసిన గుడ్డముక్కల దగ్గరికి వెళ్లి, మరక అంటనిదొకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని పిడికిట్లో నలిపింది. ఇంకోటి తీసి మళ్లీ నలిపింది.

"చప్పుడు చేస్తోందే. గంజి గుడ్డ."

"గంజి నేను పెట్టలేదు అమ్మమ్మా," అంది పొడుగమ్మాయి కంగారుగా. నాకు నవ్వొచ్చింది, నాతో మేడమ్, ఆవిడతో అమ్మమ్మ.

"నువ్వు కాదే, మిల్లులో పెడతారు. నేతకి నూలు తెగకుండా. కొత్తగుడ్డ ఉతక్కుండా మరక వేస్తే ఆ మరక గంజిలో కూర్చుంటుంది. నీ మందు నూలుదాకా ఎక్కడికి పోతుంది?"

"ఉతికాను అమ్మమ్మా. రెండుసార్లు."

"ఏ నీళ్లలో?"

పొడుగమ్మాయి మూలనున్న చన్నీళ్ల కొళాయి వంక చూసింది. ఆ ల్యాబులో మూడేళ్లుగా నీళ్లు కాచినవాళ్లు లేరు. చన్నీళ్ల మీద పరిశోధన కాబట్టి గుడ్డ కడగడం కూడా చన్నీళ్లలోనే జరిగింది. ఆ పిల్ల నిష్ఠ అలాంటిది. మొదట్లో వాడిన పాత హాస్టల్ దుప్పట్లకి ఏళ్ల తరబడి వేడినీళ్లు పడ్డాయి కాబట్టి వాటి గంజి ఎప్పుడో పోయింది, అప్పుడు మరకలు ఇట్టే వదిలిందీ అందుకే.

"ఒక్కసారి ఉడకబెట్టి చూడు," అంది పెద్దమ్మ. "పోతుందని నేను చెప్పలేను. నాకు తెలిసింది గుడ్డ గురించే, నీ బూజు గురించి కాదు."

"అప్పటికీ పోకపోతే?"

"పోకపోతే పోలేదని రాయి. ఎవరు కాదన్నారు?"

ఎవరు కాదన్నారో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కిందికి దిగి వచ్చాక కొనసాగింపు ఫారం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. సంతకం మాత్రం పెట్టలేదు. పొడుగమ్మాయి గుమ్మం బయట నిలబడి ఉందని నాకు తెలుసు, ఆ పొడుగుకి దాక్కోవడం కుదరదు.

"నువ్వు కొట్టేసినవి పారేశావా, ఉంచావా?"

"ఉన్నాయండీ. బీరువాలో."

"అన్నీ తే."

తెచ్చాను. పది ఉత్తరాలు, పదింటి మీదా నా ఎర్రగీతలు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో గీత కింద వేలు పెట్టి, కొట్టేసినవాటినే చదవడం మొదలుపెట్టింది. ఒకడు రాశాడు, మొదటి నెల డబ్బుతో అమ్మకి చెప్పులు కొన్నానని. అది పరిశోధన ఖర్చు కాదని కొట్టేశాను. ఒకమ్మాయి రాసింది, పరీక్షనాళిక పగిలి చెయ్యి తెగితే భయమేసి వారం రోజులు ల్యాబుకి వెళ్లలేదని. కొట్టేశాను. పెద్దమ్మ ఒకచోట నవ్వింది, ఒకచోట నాలుక చప్పరించింది. ఎదురుగా కూర్చున్న నాకు ఒక్కో కాగితానికీ తల తీసేసినట్టవుతోంది. అవి అన్నీ నేను చదివినవే. పిల్లల మాటల్లా ఒక్కసారి కూడా చదవలేదు.

ఏడో ఉత్తరం దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఇది నువ్వు చదువు. నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు."

గీత కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. "ఈ ఫెలోషిప్పు మీ తమ్ముడుగారి పేరు మీద ఉంది. రోజూ ఆ పేరు రాస్తున్నాను గాని ఆయనెవరో నాకు తెలియదు. ఆయన ఎలాంటివారో వీలైతే చెప్తారా?"

దాతలని సొంత విషయాలు అడగకూడదని అంచులో నేనే రాసుకున్నాను.

"ఎన్నేళ్లయింది ఇది?"

"ఏడేళ్లండీ."

"ఏడేళ్లు." పెద్దమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలు కాదు, కళ్లు. "ఎవరైనా ఒక్కరు అడుగుతారేమోనని ఎదురుచూశానమ్మా. వాడి గురించి అడిగేవాళ్లు నాకు ఎవరున్నారు? ఈ యూనివర్సిటీ తెల్లకోట్లన్నీ మా లాండ్రీకే వచ్చేవి. ప్రతి మరకకీ కోటు ఇవ్వడానికొచ్చిన మాస్టర్లని పట్టుకుని అడిగేవాడు, ఇది ఏ మందండీ, నీలంగా ఎందుకైందండీ అని. ఒకాయన విసుక్కోకుండా చెప్పేవాడు. అలా కోట్లు ఉతుకుతూ నేర్చుకున్నాడు మావాడు ఈ శాస్త్రం. చేతులు ఎప్పుడూ ఏదో రంగులో ఉండేవి. అడిగాడన్నమాట ఈ పిల్లాడు. అడగనే అడిగాడు."

నాకు దుఃఖం ఆగలేదు. ఏడేళ్లు ఆవిడ ఎదురుచూసిన మాట నా బీరువాలో, నా తాళం కింద ఉంది. క్షమించండి పెద్దమ్మగారూ అన్నాను.

"నువ్వు పిల్లల మంచి కోరే చేశావులే," అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గరుకుగా, వెచ్చగా ఉంది ఆ చెయ్యి. "ఇక చెయ్యకు."

ఫారం ముందుకు లాక్కుని సంతకం పెట్టింది. "ఏయ్ పొడుగమ్మాయ్, అక్కడ కాళ్లు నొప్పెట్టేలా నిలబడటం ఎందుకు, పోయి నీళ్లు కాచు," అని కేకేసింది. నేను పెట్టిన పేరే ఆవిడా పెట్టింది. ఆ పిల్ల లోపలికొచ్చి మా ఇద్దరినీ ఒకేసారి కావలించుకోబోయి నా సిరాబుడ్డి పడేసింది. నేను తిట్టలేదు.

ఆ గుడ్డల సంగతి వారానికి తేలింది. పద్నాలుగు ముక్కల్లో పదకొండు తెల్లబడ్డాయి, మూడు పడలేదు. పడని మూడింటి గురించి పొడుగమ్మాయి రెండు పేజీలు రాసింది. ఆ రెండు పేజీలూ ఎలా ఉన్నవి అలాగే పెద్దమ్మకి వెళ్లాయి.

కాని సంతకం పెట్టిన ఆ రోజు ఆవిడ వెంటనే వెళ్లలేదు. ఉత్తరం రాసిన ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడని అడిగింది. ఫైలు చూసి చెప్పాను, కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు, చిరునామా ఉంది.

"కాగితం ఇవ్వు. జవాబు రాయాలి."

నా బల్లకి అటువైపు కూర్చుని మధ్యాహ్నం దాకా రాసింది. ఒక కాగితం చాల్లేదు, నాలుగు అడిగి తీసుకుంది. నా డబ్బా తెరిచి ముందు పెడితే రెండు ముద్దలు తిని మళ్లీ రాసింది. అయ్యాక నాలుగు కాగితాలూ వరసగా పేర్చి నా చేతిలో పెట్టింది.

"నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదమ్మా. వాడు ఇప్పుడు మాస్టారు. తప్పులుంటే దిద్ది పంపు."

చదివాను. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తప్పులే. ఒత్తులు లేవు, కామాలు లేవు, తమ్ముడి కథ ఒకచోట మొదలై ఇంకోచోటికి పోయి మళ్లీ తొట్టి దగ్గరికి వచ్చింది. చివర్లో 'వాడి చేతులు నీలంగా ఉండగానే పోయాడు బాబూ' అని ఉంది.

ఆవిడ నా మొహం వంకే చూస్తోంది. నా కలం బల్ల మీదే ఉంది.

"ఒక్క తప్పు కూడా లేదండీ," అన్నాను, కాగితాలు మడిచి కవరులో పెడుతూ.