తొంభై ఆరు మెట్లు

ఆమె ఎప్పుడూ పైకి చూసేది కాదు. కూతురు పొగగొట్టం ఎక్కుతున్నంతసేపూ కింద నిలబడి, ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు లెక్కపెట్టుకునేది. మొత్తం తొంభై ఆరు మెట్లు. మధ్యలో చప్పుడు ఆగిందా, ఆమె గుండె కూడా దాంతోపాటే ఆగేది. బెల్టు కొక్కెం మార్చుకోవడానికే ఆగిందని తెలుసు. తెలిస్తే మాత్రం?

ఫ్యాక్టరీల పొగలో దుమ్మెంతుందో కొలిచే కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం అది. ముందు ఆఫీసు, వెనక తూకం గది, దాన్ని ఆనుకుని గాజు సామాను కడిగే గది. పెరటి గోడ పక్కనే పరీక్షలకు వాడుకునే పొగగొట్టం. గాజు గదిలో ఆమెది తొమ్మిదేళ్ళ కొలువు. పైకి పట్టుకెళ్ళే గొట్టాలూ సీసాలూ కడిగి, ఆరబెట్టి, మూతలు బిగించి పెట్టెల్లో సర్దాలి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా పనిలో ఆమెకి వంక పెట్టినవాళ్ళు లేరు.

కూతుర్ని ఇక్కడ చేర్చింది తనే. కాగితాలు రాసే ఉద్యోగం ఇస్తారనుకుంది. పిల్ల నెల తిరక్కుండా మెట్లెక్కేసింది.

ఇవాళ ఆ పిల్లకి సంఘం పరీక్ష. నెగ్గితే కార్డిస్తారు, ఏ ఫ్యాక్టరీలోనైనా జట్టుకు పెద్దగా పైకెక్కి కొలవొచ్చు. ఇప్పటికే ఒకసారి తప్పింది. ఇది కూడా తప్పితే రెండేళ్ళదాకా మళ్ళీ రానివ్వరు, కింద నిలబడి సామాను తాడు లాగడమే. వారం నుంచి కూతురికి అన్నం సయించడం లేదు. తల్లికీ సయించడం లేదు గానీ, కారణం వేరు. పిల్ల పరీక్ష తప్పాలని కోరుకోవడానికి ఆమెకి మనసు రాలేదు. అయినా ఆ తాడు లాగే పని తలుచుకున్నప్పుడల్లా కాస్త ఊపిరాడినట్టుండేది.

"బెల్టు చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"కొక్కెమో?"

"బెల్టు చూస్తే కొక్కెం చూడనా అమ్మా!"

"గాలి చూశావా ఎలా కొడుతోందో! పొద్దున తీగ మీద దుప్పటి ఎగిరి పక్కింటి గోడెక్కింది."

"నాకూ రెండు క్లిప్పులు పెట్టి పంపు మరి," అని నవ్వింది కూతురు, గ్లౌజులు తొడుక్కుంటూ. బొటనవేలి కింద నాలుగు కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

ఆ మచ్చే తల్లికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. నెల కిందట పైన ఒక గాజు గొట్టం ఇంకోదాంట్లో బిగుసుకుపోయింది. విడదీయబోతే చేతిలోనే పగిలింది. ఈసారి మణికట్టు తెగితే? రక్తం కారే చేత్తో అన్ని మెట్లు ఎలా దిగుతుంది? కళ్ళు తిరిగితే? పట్టు జారితే? అలా ఒకదాని వెంట ఒకటి ఆమె బుర్రలో అన్నీ అప్పటికే జరిగిపోయాయి. అందుకే నిన్న పెట్టె మూసేముందు సంచిలోంచి కాళ్ళ పగుళ్ళ మలాం తీసి, కూతురి గొట్టాల అతుకుల మీద వేలి కొసతో పల్చగా రాసింది. ఇంట్లో గొళ్ళెం బిగుసుకుంటే రాసేదీ అదే. గొట్టం లోపల వేలు పెట్టకూడదని ఆమెకి తెలుసు. పెట్టలేదు. బయటే రాసింది.

పరీక్ష పెట్టేది దుమ్ము మాస్టారు. ముప్ఫై ఏళ్ళుగా పొగలు కొలిచి కొలిచి అసలు పేరు పోగొట్టుకున్న పెద్దాయన. ఒకే పొగగొట్టానికి ఈ పక్క కన్నంలోంచి ఆయనా, ఆ పక్క కన్నంలోంచి పిల్లా, ఒకే గంటలో దుమ్ము పట్టాలి. ఇద్దరి తూకాలూ దగ్గరగా రావాలి. అంతే పరీక్ష.

ఆ రోజు ఇద్దరూ క్షేమంగా దిగారు. గాజు పగల్లేదు. "ఈసారి వెన్నలా ఊడొచ్చిందమ్మా గొట్టం!" అంది కూతురు. తల్లి చాన్నాళ్ళకి కడుపునిండా తింది.

మర్నాడు మధ్యాహ్నం తూకాలు తేలాయి. గొట్టాలకి లోపల అంటిన దుమ్ముని మందుతో కడిగి, ఆ మందుని గిన్నెల్లో ఆరబెట్టి, మిగిలిన మడ్డిని తూచారు. పక్కగదిలో సీసాలు కడుగుతున్న ఆమెకి అన్నీ వినబడుతున్నాయి.

"దుమ్ము పట్టిన వడపోత కాగితాలు రెండూ సరిపోయాయి," అన్నాడు మాస్టారు. "గిన్నెల దగ్గరే తేడా. నాది నలభై మిల్లీగ్రాములు. నీది అరవై మూడు. అడుగున జిడ్డు మెరుస్తోంది చూడు. గొట్టం ముట్టుకునేముందు గ్లౌజులు మార్చావా?"

"మార్చా మాస్టారూ."

"మరి ఈ జిడ్డు ఆకాశంలోంచి రాలిందా? మెట్లకి అంటిన గ్రీజు చేత్తోనే పట్టుకునుంటావు. బాగా గుర్తు తెచ్చుకో."

"మార్చాననే... మార్చాననుకుంటున్నా. గాలికి గ్లౌజుల సంచి కొట్టుకుంటోంది... ఏమో మాస్టారూ, మార్చలేదేమో."

తల్లి చేతిలో సీసా తిప్పడం ఆపేసింది. జిడ్డు అన్న మాటకే ఆమెకి విషయం అర్థమైపోయింది. నోరు మూసుకుని ఈ సీసా కడుక్కుంటే చాలు. పిల్ల రెండేళ్ళు నేల మీద ఉంటుంది. చేతులకి దెబ్బలుండవు. గాలి ఎంత కొట్టినా దడుచుకోనక్కర్లేదు. ఏడుస్తుంది, ఏడిస్తే ఏమైంది, కళ్ళెదుట ఉంటుంది.

తలుపు సందులోంచి చూసింది. కూతురు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు. తన చేతుల్ని తనే నమ్మని మనిషి రెండేళ్ళ తర్వాత మాత్రం మెట్లెలా ఎక్కుతుంది? అసలు రోడ్డెలా దాటుతుంది?

మాస్టారు పెన్ను తీశాడు.

"రాయకండి మాస్టారూ!" తడి చేతులతోనే గదిలోకి వచ్చేసింది. "గ్లౌజులు మార్చే ఉంటుంది. ఆ జిడ్డు నాది."

సంచిలోంచి మలాం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. మొత్తం చెప్పింది. మాస్టారు డబ్బా మూత తీసి, మూసి, మళ్ళీ తీశాడు.

"అతుకు విడదీసి కడిగితే బయటిది లోపలిదాంట్లో కలవదా చెల్లెమ్మా?"

"అంత తోచలేదండీ."

"వాడకుండా పైకి తీసుకెళ్ళి దించే ఖాళీ సెట్టుంటుంది కదా, ఇలాంటి మురికి పట్టుకోవడానికే. దానికీ రాశారా?"

"లేదండీ. దాన్ని పైన ఎవరూ విడదీయరుగా, చెయ్యి తెగదుగా."

"దానికీ రాసుంటే దాంట్లోనూ జిడ్డు తేలి, ఈపాటికి దొంగ దొరికేది."

కూతురి ముఖం ఎర్రబడింది. "నాకో మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే వద్దంటావు."

"వద్దంటాననే చెప్పాలి! మార్చిన గ్లౌజులు మార్చలేదని ఒప్పేసుకున్నాను, తెలుసా?"

మాస్టారు కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఈ పరీక్ష జరగనట్టే. ఎల్లుండి మళ్ళీ. కానీ చెల్లెమ్మా, ఇకమీదట ఈ పిల్ల గాజు మీరు ముట్టుకోరు. నేనే కడుగుతాను."

"మీరా?" అందామె, భయంగా. "మీకు కడగడం వచ్చా?"

"గుమ్మం అవతల నిలబడి చూడండి, వచ్చో రాదో."

"గాజు మళ్ళీ పగిలితే, చెయ్యి..."

ఆయన పిల్ల చేతి మచ్చకేసి చూశాడు. "కోత పడని గ్లౌజులుంటాయి. నెల కిందటే తెప్పించాల్సింది. అది నా తప్పు," అన్నాడు.

తెల్లారి ఆయన కడుగుతుంటే ఆమె గుమ్మం అవతలే నిలబడింది. "ఆ మెడ దగ్గర మాస్టారూ... ఇంకోసారి తొలవండి... అయ్యో, అలా బోర్లించకండి!" ఆయన వినీ విననట్టు కడిగాడు. కూతురు ఆ పూటంతా తల్లితో మాట్లాడలేదు. అన్నం మాత్రం రెండోసారి పెట్టించుకుంది.

పరీక్ష రోజుకి కూడా గాలి తగ్గలేదు. పిల్ల మందపాటి కొత్త గ్లౌజులతో మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తల్లి పెరట్లో నేల చూపులు చూస్తూ లెక్క మొదలుపెట్టింది. తూకాలు ఈసారి వెంట్రుకవాసి తేడాతో సరిపోతాయనీ, కార్డు వస్తుందనీ, దాంతో ఇంతకు రెండింతల ఎత్తు పొగగొట్టాలు రాసిపెట్టి ఉన్నాయనీ ఆమెకి అప్పుడు తెలియదు. యాభై. అరవై. డెబ్బై. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.

చప్పుడు ఆగింది.

ఒక్క క్షణం. రెండు. కొక్కెం మార్చుకోవడానికి ఇంతసేపా? ఇక పట్టలేక తలెత్తింది. పైన ఎక్కడో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఓ పసుపు హెల్మెట్ కిందికి వంగింది.

"డెబ్బై రెండమ్మా! కొక్కెం మార్చుకున్నా!"

బూటు మళ్ళీ మోగింది.

"డెబ్బై మూడు," అంది తల్లి, కళ్ళు దించకుండా.