వందనోటు మీద ముఖం

వందనోటు మీద కొడవలి పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉండేది. దాన్ని చెక్కింది ఒక పెద్దాయన. నోట్లు అచ్చేసే ప్రెస్సులో అచ్చుపలకల మీద బొమ్మలు చెక్కడం ఆయన పని. ఎవరి ముఖం చెక్కాలో పైవాళ్లు చెప్పకపోయేసరికి, మహానుభావుడు పెళ్లాం ముఖమే చెక్కేశాడు.

ఒక్క ఫొటో తీయించమని ఆవిడ ఎంత పోరినా, "దేశమంతా జేబుల్లో పెట్టుకు తిరుగుతోంది, ఇంకా ఫొటో దేనికే, దండగ!" అని కొట్టిపారేసేవాడు. ఒక్క ఫొటో కూడా లేకుండానే ఆవిడ కన్నుమూసింది.

ఈ ఏడాది ఆ నోటు రద్దయింది. దాచుకుంటే నేరమన్నారు. రూలంటే ప్రాణం పెట్టే మనిషి కదా, గడువుకు ముందే ఇంట్లో ఉన్న ఆఖరి నోటు కూడా బ్యాంకులో మార్చుకొచ్చాడు. కొత్త నోటు మీద వంతెన ఉంది.

ఆయన కూతురిది అదే ప్రెస్సులో పాతనోట్లు తురిమే మిషన్ మీద పని. మొదటిరోజు కట్ట కట్టకూ చెయ్యి ఆగింది. వారం తిరిగేసరికి అమ్మ కూడా కాగితమే అయింది. గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూసేవాళ్లు, ఒక్క నోటూ బయటికి రాదు. పని పూర్తయ్యాక మాత్రం, ఆ తురుమును నొక్కి చేసిన ఇటుకలు తలా ఒకటి జ్ఞాపికగా పంచారు.

ఆమె దాన్ని తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"ఏంటే ఇది?"

"అమ్మ."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఇటుకను అటూ ఇటూ తిప్పాడు. అలమరలో పైఅర తుడిచాడు.

"ముఖం ఎటువైపే?"

"ఎటు పెట్టినా ఒకటే నాన్నా," అని ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.