నీళ్ల డబ్బాలు తేని పెళ్లి

వేసవి వచ్చిందంటే స్టేజీలు కట్టేవాళ్లకి ఊపిరి పీల్చే తీరిక ఉండదు. పొద్దున ఒక పెళ్లి, సాయంత్రం ఇంకో పెళ్లి. మేస్త్రి అరుపులు, నిచ్చెనల చప్పుడు, మాడు పగిలే ఎండ. ఆ గోలలో మైకు కట్టే అతను "హలో, హలో" అని, గొంతు సవరించుకుని ఒక కూనిరాగం తీసేవాడు. అంతే, వెన్నెల చిలకరించినట్టుండేది. కొట్లాడుకునే డ్రైవర్లు నవ్వేసుకునేవాళ్లు. తలలు వాల్చిన పూలు లేచి నిలబడేవి. అందుకే ఆ బృందం ఎక్కడికెళ్లినా పూలమీద చల్లే నీళ్ల డబ్బాలు మోసుకెళ్లేది కాదు.

పూలు కట్టే అమ్మాయికి నాలుగు వేసవులుగా ఆ రాగమంటే ప్రాణం. మొదటి ఏడాది ఒక తెల్ల గులాబీ మిగిలితే, "పారేయడమెందుకు, నువ్వు పెట్టుకో" అన్నాడతను. అది ఇవాళ్టికీ ఆమె జడలో వాడలేదు. మనసులో మాట మాత్రం వచ్చే వేసవికి చెప్దామనుకుంటూనే ఉంది.

ఈ వేసవిలో అతని పెళ్లి కుదిరింది. స్టేజీ కట్టింది వీళ్లే.

పదింటికల్లా పూలన్నీ వేలాడిపోయాయి.

"నీళ్లేవే?" అన్నాడు మేస్త్రి.

"మనమెప్పుడు తెచ్చాం మావయ్యా?" అంది అమ్మాయి.

"నా మతిమరుపు మండ! పెళ్లికొడుకుని పీటల మీంచి లేపి మైకు టెస్టు చెయ్యమంటామా ఇప్పుడు?"

పెళ్లికూతురు ఆ పూలకేసి చూసి కళ్లు తుడుచుకుంటోంది. 'వాడిపోనీ' అనిపించింది అమ్మాయికి, ఒక్క క్షణం. మరుక్షణం కాళ్లే మైకు దగ్గరికి నడిచాయి.

రాగం కంఠతా వచ్చు గానీ పైకెప్పుడూ పాడలేదు. కళ్లు మూసుకుని అందుకుంది. పూలు ఒక్కొక్కటే తలెత్తాయి. పెళ్లికొడుకు ఉలిక్కిపడి ఇటు చూశాడు. ఆమె చెప్పని నాలుగేళ్ల మాటా అందులో వినబడింది కాబోలు, పెదవులు కదిపాడు. రాగం రాలేదు. అది ఆమె గొంతులోకి వచ్చేసింది. అతను తల దించుకున్నాడు.

"ఇకమీదట మైకు నీదే తల్లీ" అంటూ మేస్త్రి వైరు చుట్ట ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె జడ తడుముకుంది. గులాబీ పొడిపొడిగా రాలి వేళ్లకి అంటుకుంది.

"ఇంకోసారి పాడవే, ఆ మూల పూలు ఇంకా లేవలేదు!" అని అరిచాడు మేస్త్రి.

ఆమె గొంతు సవరించుకుంది.

"హలో, హలో" అంది.