లారీ దిగబడని నేల

పరుగు బాట గీత రెండో వంపు సగంలో ఉండగా కెటిల్ ఖాళీ అయింది. సంజీవయ్య మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, బకెట్లోంచి సున్నం నీళ్లు మళ్లీ నింపుకుని, ఆపిన చోటికే వచ్చి వంగాడు. హోటళ్లలో టీ పోసే పాత అల్యూమినియం కెటిల్ అది. మూతిని నొక్కి కొంచెం వెడల్పు చేసుకున్నాడు. తెల్లటి ధార రెండు వేళ్ల మందాన పడి, ఎక్కడా తెగకుండా తాడు వెంబడే పోతుంది. సున్నంలో గంజి కలుపుతాడు. గంజి కలిపిన గీత గాలికి లేవదు, పిల్లల పాదాలకు అంటదు. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఒక ఏడాది ఫిబ్రవరి గాలికి, గీసిన గీతలన్నీ తన కళ్లముందే పక్క పొలంలోకి ఎగిరిపోతుంటే చూసి, ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం వారుస్తున్న భార్య జయమ్మ చేతిలోంచి గిన్నె లాక్కున్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో గంజి తాగిన మనిషి లేడు. అంతా గ్రౌండే తాగింది.

గంజి క్యాను కాళ్ల మధ్య పెట్టుకుని ఆళ్లగడ్డలో మొదటి బస్సెక్కి, తెల్లవారేసరికి నంద్యాలలో దిగుతాడు. ఈరోజు దిగినప్పటినుంచీ రొమ్ము మధ్యలో మంటగా ఉంది. గ్యాసనుకున్నాడు. అరవై దాటిన మనిషికి గ్యాసు కాకపోతే ఇంకేముంటుంది? రోలర్ లాగీ లాగీ కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారిన బక్క మనిషి. ముఖంలో పెద్దగా చెప్పుకోదగ్గదేమీ లేదు. అదే బస్సులో నెలల తరబడి పక్కన కూర్చున్నవాళ్లు కూడా బయట కనబడితే గుర్తుపట్టరు.

ఆ మైదానాన్ని ఊళ్లో గుంట గ్రౌండు అంటారు. ఒకప్పుడు ఇటుకల కోసం తవ్విన గుంట అది. చుట్టూ నల్లరేగడి. వాన పడితే ఎద్దు మోకాలి దాకా దిగబడుతుంది, ఎండ కాస్తే నెర్రెల్లో చెప్పు పడిపోతుంది. ఇరవై రెండేళ్ల కిందట ఫిలిప్ సారని ఒక డ్రిల్లు మాస్టరు, చర్చిలో తన పక్క వరుసలో కూర్చునే సంజీవయ్యను కాపలాకని ఇక్కడికి తెచ్చాడు. ఫిలిప్ సార్ పోయి తొమ్మిదేళ్లయింది. సంజీవయ్య కాపలా కాయడానికి అక్కడ ఏమీ లేదు గనక, నేలను చేసుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడ రోడ్డు వేసినా పోయి మిగిలిన గరుసు మట్టి అడుక్కొచ్చాడు. పరిచాడు, నీళ్లు పట్టాడు, రోలర్ లాగాడు. మళ్లీ పరిచాడు. దేవుడు కూడా భూమిని ఇంత ఓపిగ్గా చేసి ఉండడని జయమ్మ అంటుంది. అది మెచ్చుకోలు కాదు.

ఏళ్లుగా అక్కడ రెండువందల మీటర్ల పరుగుకే చోటుండేది. ఈ ఏడాది తూర్పు వైపు సర్కారు తుమ్మను తనే కొట్టి, వేళ్లతో సహా పెరికి, మొదటిసారి నాలుగువందల మీటర్ల చుట్టు తీశాడు. ఎనిమిది బాటలు. ఎప్పుడూ కర్నూలులో జరిగే ఆడపిల్లల ఎంపిక పోటీలు మొదటిసారి ఇక్కడికి వచ్చాయి. అవి ఈరోజే, పది గంటలకు. నెలాఖరుకు సంజీవయ్య పని అయిపోతుంది. అరవై దాటినవాళ్లు వద్దని, జీతమిచ్చే కాంట్రాక్టు ఏజెన్సీ నుంచి కాగితం వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు ఎనిమిది బాటల్లో ఒక్క పూర్తి చుట్టు పరుగెత్తగా చూసి పోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. ఇరవై రెండేళ్లకు ఒక్క చుట్టు. అత్యాశ అని ఎవరంటారు?

ఎనిమిదికి గీతలు పూర్తయ్యాయి. గేటెదురుగా మహానందయ్య అంగడికి పోయి సోడా అడిగాడు. మహానందయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"చూసినావా సంజీవా? ప్రపంచమంతా మన దేశానికొచ్చి ఆడుతాదంట, ఇంకో నాలుగేండ్లకు."

"చెప్తాండారు."

"ఒక్కో స్టేడియానికి వేల కోట్లంట. పోతే పోనీలేప్పా దుడ్లు. పరువు. దేశం పరువు."

"ఈడ ఆడపిల్లోళ్లకు ఒక బాత్రూమ్ గది కట్టీమని పదేండ్ల నుంచి అడుగుతాండాం సావుకారూ. పరువేదో ఈన్నుంచే మొదులుపెట్టచ్చు గదా."

"నీకెప్పుడూ బాత్రూముల గోలే," అని మహానందయ్య నవ్వి, ఆయన ముఖం చూసి ఆగాడు. "ఏందీ, మొగం అట్ల పాలిపోయిండాది?"

"గ్యాసు."

సోడా సగం తాగేసరికి మొదటి లారీ గేటు దగ్గర ఆగింది. దాని వెనక ఇంకో రెండు. ఇనుప స్తంభాలు, రేకులు, కొండలా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. సంజీవయ్య సోడా అక్కడే పెట్టి పరుగెత్తాడు. ఆయన గేటు చేరేలోపే మొదటి లారీ తడి ఆరని గీతల మీదుగా లోపలికి పోయింది. చక్రాలు దిగబడలేదు. ఒక్క అంగుళం కూడా.

"ఆపప్పా! ఈ పొద్దు పిల్లోళ్ల పరుగుండాది!"

లారీ దిగిన మేస్త్రీ అలీకి అది కొత్త సంగతి. ఫోన్లో కాగితం చూపించాడు. దేశానికి పెద్ద ఆటలు వచ్చినందుకు జిల్లాలో సంబరాల సభ. మధ్యాహ్నం మూడింటికి. స్థలం: గుంట గ్రౌండు.

"నన్ను తిడితే ఏం వస్తాది పెద్దాయనా? ఇంజనీరు సారే చూసి రాసినాడంట. జిల్లాలో ఇంత గట్టి నేల ఇంగోటి ల్యాదంట."

అప్పుడు అర్థమైంది సంజీవయ్యకు. ఎనిమిది రోజుల కిందట ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, గ్రౌండు మధ్యలో నిలబడి, బూటుతో నేలను తన్ని చూశాడు. "రేగడి నేల కదా, లారీలు దిగబడతాయి. వేరే చోటు చూద్దాం," అన్నాడు డ్రైవరుతో. సంజీవయ్య ఊరుకుని ఉంటే సరిపోయేది. ఇరవై రెండేళ్లలో ఆ నేల గురించి ఆయన్ను ఎవరూ ఒక్క ముక్క అడిగింది లేదు. ఇంజనీరు కూడా అడగలేదు, అయినా ఆగలేకపోయాడు. "దిగబడేదేంది సార్? పది టన్నుల లారీ ఎక్కియ్యండి. అంగులం దిగితే నా పేరు సంజీవయ్యే కాదు!" ఇంజనీరు ఆశ్చర్యంగా చూసి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. లారీలు ఎందుకొస్తాయని అడగాలన్న ఆలోచనే ఈయనకు రాలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర జయమ్మతో రెండుసార్లు చెప్పాడు, "ఇంజనీరు రాసుకున్నాడే," అని.

డ్రిల్లు టీచరు ఉమామహేశ్వరమ్మ స్కూటీ దిగి వచ్చింది. నిద్ర లేని ముఖం. "రాత్రి వాట్సాప్‌లో పెట్టినారు సంజీవన్నా. పోటీలు వాయిదా. పిల్లోళ్లకు చెప్పేదానికి టైమే ఇయ్యల్యా."

"మద్యాన్నం దాంకా టైముంది గదా మేడమ్. ఒక్క పరుగు. ఒకే ఒక్కటి పెడదాం."

"అడిగినా. స్టేజీ లేయాలంట, కుదరదన్నారు." ఆమె ఆయన వైపు చూడలేదు. "వచ్చిన పిల్లోళ్లను ఈన్నే ఉంచమన్నారు. కుర్చీలు నిండాల గదా."

పిల్లలు అప్పటికే వస్తున్నారు. దొర్నిపాడు నుంచి కొందరు, జూపాడు బంగ్లా నుంచి కొందరు, చీకట్లో బయల్దేరి సున్నిపెంట నుంచి ఇద్దరు. బూట్లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి చంకలో ఇరికించుకుని వచ్చారు. ఫెబా అనే పొడుగాటి పిల్ల గేటు దగ్గరే నిలబడి గీతలను చూసి, "అబ్బ, టీవీలో ఉన్నట్లుండాదే!" అంది. సంజీవయ్య ఆ మాట విన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. గ్రౌండు అంచున ఉన్న తన సామాన్ల గది వైపు నడిచాడు.

స్తంభాల గుంతలు మూడో బాట మీదుగా పోతున్నాయి. గడ్డపార వేస్తే ఎగిరి వెనక్కి వస్తోంది. అలీ మనుషులు నేలను బండబూతులు తిట్టడం మొదలుపెట్టారు. ఒకడు పార తిప్పి బలంగా పెకలించేసరికి చాపంత గరుసు పెచ్చు ఒక్కసారిగా లేచి, ముక్కలై పడింది. సంజీవయ్య గదిలోంచి అది చూశాడు. లేచి పోయి, కొళాయికి పైపు తగిలించి, ఈడ్చుకుంటూ వచ్చాడు.

"తొలగండప్పా. ఎండు నేలను పీకితే పెచ్చులు పెచ్చులుగా లేస్తాది. నీళ్లు తాగనీండి. గుంత సన్నంగా వస్తాది."

అలీ ఆయన్ను ఎగాదిగా చూశాడు. సంజీవయ్య ఒక్కో స్తంభం చోట వంగి, ముంతంత చోటు మాత్రం తడిపి, నీళ్లు ఇంకేదాకా నిలబడి, "ఇప్పుడెయ్," అని పక్కకు జరిగాడు. అలా నలభై చోట్ల. తన నేలను తవ్వేవాళ్లకు తనే నీళ్లు పోశాడు. ఏంచేస్తాడు మరి, వాళ్లు ఎలాగూ తవ్వుతారు. నొప్పి లేకుండా తవ్వించడం ఒక్కటే ఆయన చేతిలో మిగిలింది. ఆఖరి గుంత దగ్గర చెమటతో చొక్కా మొత్తం తడిసిపోయింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. పైపు పట్టుకోవడం వల్లేననుకున్నాడు.

మూడింటి సభ ఐదుంబావుకు మొదలైంది. పెద్దలు పూలదండలతో వచ్చారు. పిల్లలను ముందు వరుసల్లో కూర్చోబెట్టి చేతికో కాగితం జెండా ఇచ్చారు. సున్నిపెంట పిల్ల ఒకతె బూట్లు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. వేదిక పక్కన గోడంత తెర మీద ఇంకా కట్టని స్టేడియం బొమ్మ తిరుగుతోంది. లక్ష మంది కూర్చోవచ్చట. ఈ ఖర్చు ఖర్చు కాదని, పెట్టుబడి అని, ఈ నేల మీద నుంచే రేపటి విజేతలు లేస్తారని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేల మీదున్నవి కుర్చీలు.

సంజీవయ్య వెనక తాడు కట్టిన చోట నిలబడి తెరనే చూశాడు. నీలం రంగు బాటలు, తొమ్మిది. గీతలు ఎవరూ గీసినట్లు లేవు, పుట్టుకతోనే ఉన్నట్లున్నాయి. అందంగా ఉంది. ఆయనకు అసూయ లేదు. దాన్ని ఎవరు తడుపుతారో, ఎవరు ఊడుస్తారో అనుకున్నాడు. ఆ మనిషినైనా అక్కడ ఒక్క పరుగు చూడనిస్తారో లేదో అనుకున్నాడు.

ఆరున్నరకు అంతా అయిపోయింది. వేదిక రేపు విప్పుతామని అలీ చెప్పి, పక్క స్తంభాలు మాత్రం పీకి లారీలో వేసుకుని పోయాడు. వెలుతురు ఇంకా కొంచెం ఉంది. ఫెబా ఉమామహేశ్వరమ్మ దగ్గరికి వచ్చి, "మేడమ్, ఒక్క రౌండు ఉరుకుతాం," అంది. గుంతలు, కుర్చీల వరుసలు, లారీ చక్రాల జాడలు చూసి టీచరు తల అడ్డంగా ఊపింది. "కాలు ఇరగ్గొట్టుకుంటారు. బస్సులు పోతాయి, పదండి." పిల్లలు పదిహేను నిమిషాల్లో వెళ్లిపోయారు. గ్రౌండంతా కాగితం జెండాలు.

పోతూ పోతూ ఆమె సంచీలోంచి చిన్న డబ్బా తీసి సంజీవయ్య చేతిలో పెట్టింది. పరుగు మొదలుపెట్టేటప్పుడు పేల్చే తుపాకీలో వేసే కేపులు. ఈ పోటీల కోసమే మొదటిసారి హైదరాబాదు నుంచి తెప్పించింది. "నీ దగ్గరుంచు సంజీవన్నా. తడి తగలనీద్దు. మళ్లా పెట్టినప్పుడు పనికొస్తాయి."

"మళ్లా పెడతారా మేడమ్?"

ఆమె స్కూటీ స్టార్టు చేసింది. "పెడతారులే," అంది.

డబ్బాను చొక్కా జేబులో వేసుకుని, సంజీవయ్య తట్టలో గరుసు తెచ్చి గుంతలు పూడ్చడం మొదలుపెట్టాడు. పోసి, నీళ్లు చల్లి, మడమతో తొక్కాడు. ఏడు గుంతలు పూడ్చేసరికి ఊపిరి అందలేదు. మిగతావి రేపు చూద్దామనుకున్నాడు. ఇరవై రెండేళ్లలో పనిని రేపటికి వదిలిపెట్టడం అదే మొదలు. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కండక్టరుకు చిల్లర లెక్కగా ఇచ్చి, తలను కిటికీ చువ్వకు ఆనించాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో అందరూ దిగారు. "పెద్దాయనా, ఊరొచ్చింది," అని కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసుకున్నాడు.

ఆ పోటీలు మళ్లీ పెట్టలేదు. గడువు దాటిందని, కిందటేడు జాబితానే పైకి పంపారు. వేదిక విప్పినవాళ్లు గుంతలు పూడ్చలేదు. మొదటి వానకు ఆ గుంతల్లోంచి కింద ఉన్న నల్లరేగడి పైకి ఉబికింది. నెల తిరక్కుండా రెండో వంపు దగ్గర ఒక గేదె మోకాలి దాకా దిగబడిందని మహానందయ్య అంగట్లో చెప్పుకున్నారు.

ఆస్పత్రిలో చొక్కా విప్పి జయమ్మకు ఇచ్చినప్పుడు జేబులో డబ్బా ఉంది. దాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకు తెలుగే చదవడం రాదు. ఊపితే లోపల చిన్న చిన్న గుండ్రటివి గలగలమన్నాయి. రొమ్ము నొప్పికి మాత్రలు కొనుక్కుని కూడా వేసుకోకుండా తిరిగాడని అనుకుంది. "ఒక్కటన్నా మింగల్యా సూడు, గ్రౌండు గ్రౌండని," అని ఇరుగుపొరుగుతో చెప్పి ఏడ్చింది. అది ఏమిటో ఆమెకు చెప్పగలిగినవాళ్లెవరూ ఆ ఇంటికి రాలేదు. వంటగది గూట్లో, బైబిలు పక్కన, సీలు తియ్యని ఆ డబ్బా అలాగే ఉంది.