వెలుతురు పడే కుర్చీ

సెలూనులో రెండు కుర్చీలు. తలుపు పక్కన వెలుతురు పడేది అన్న కుర్చీ. లోపల గోడవైపుది తమ్ముడిది. పాత గిరాకీ అంతా అన్న కుర్చీకే. అక్కడ ఖాళీ లేక, ఆగే ఓపిక లేక లోపలికి వచ్చినవాళ్ళు తమ్ముడి వాటా. తల నెరిసినా తమ్ముణ్ణి వీధంతా చిన్నోడనే పిలుస్తుంది.

అన్న కుర్చీ మీద చిన్నోడికి కన్నుందంటే అది అబద్ధం కాదు. ఒకసారి నోరు జారి వదిన ముందు అననే అన్నాడు, "నా బతుకంతా ఆ చీకటి మూలనేనా వదినా?" అని. వదిన మర్చిపోయే మనిషి కాదు.

పనిలో ఉండగా అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకునేది అద్దంలోనే. మాట్లాడుకునేదీ అద్దంలోకి చూసే. అందుకే ఆ సంగతి చిన్నోడికి ముందు అద్దంలోనే కనిపించింది.

గడియారాలు బాగుచేసే ఆయన అన్న కుర్చీలో కూర్చున్నాడు. అన్న నురగ పట్టించాడు, గీశాడు, ముఖం తుడిచి పటిక రాశాడు. రాసి, మళ్ళీ బ్రష్షు అందుకుని నురగ పట్టించడం మొదలుపెట్టాడు.

"ఏంటన్నా, ఇవాళ నన్ను పెళ్ళికొడుకుని చేస్తున్నావా?"

"చేస్తే మాత్రం, నీకు పిల్లనెవడిస్తాడు?" అన్నాడు అన్న.

షాపంతా ఘొల్లుమంది. చిన్నోడు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. అద్దంలో అన్న కళ్ళు నవ్వడం లేదు. నవ్వుతున్న ముఖాల్ని ఒక్కొక్కటే వెతుకుతున్నాయి, ఏం తప్పు జరిగిందో ఎవరైనా చెప్తారేమోనని.

తర్వాత ఇంకోటి. మధ్యాహ్నం భోజనానికని బయల్దేరిన అన్న కాసేపటికే తిరిగొచ్చి, "ఇల్లు ఎటు మార్చార్రా?" అన్నాడు. చిన్నోడు నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఊరికే అన్నాన్లేరా" అని తనే నవ్వేశాడు. కానీ గుమ్మం దిగి ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాడు. చిన్నోడు చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకెళ్ళాడు.

వదిన పెరట్లో షాపు తువ్వాళ్ళు ఉతుకుతోంది.

"వదినా, అన్న బాగాలేడు. డాక్టరుకి చూపిద్దాం."

"ఇంట్లో బాగానే ఉన్నాడే. ఏమైంది?"

"గీసిన గడ్డమే మళ్ళీ గీస్తున్నాడు. దారి మర్చిపోతున్నాడు. చేతిలో కత్తి ఉండే మనిషి."

వదిన తువ్వాలు మెలితిప్పి పిండింది. "ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉన్నావయ్యా, ఈ మాట అనడానికి?"

"అదేంటి వదినా?"

"ఆయన్ని మూల కూర్చోబెడితే ఆ కుర్చీ నీదవుతుందిగా. నాకు తెలీదనుకున్నావా?"

కాదని చిన్నోడు ఒట్టు వేద్దామంటే, అన్నని తెచ్చిన దారి పొడుగునా ఆ కుర్చీ వెలుతురు తలపుకి రాలేదని చెప్పలేడు.

అప్పట్నుంచి నోరు కట్టేసుకున్నాడు. అన్న బ్లేడు తనే మార్చేవాడు. "అన్నకి నడుం పట్టేసింది, ఇటు రండి" అని వచ్చినవాళ్ళని లోపలికి పిలిచేవాడు. వాళ్ళు కన్నుగీటేవాళ్ళు. "చిన్నోడికి ఇన్నాళ్ళకి ఆకలేసిందిరోయ్" అన్నాడు లారీ డ్రైవరు, అందరూ వినేలా.

అది మాత్రం చిన్నోడికి కాలింది. మంచికి పోతే నాకీ మాటలా? వాళ్ళ మనిషి, వాళ్ళ ఖర్మ అనుకున్నాడు. అద్దంలోకి చూడటం మానేశాడు. తన పని, తన గోడ.

అలా గోడవైపు తిరిగి ఉండగానే కేక వినిపించింది.

గడియారాల ఆయనకి గడ్డం గీస్తుంటే కునుకు తీయడం అలవాటు. అన్న గీశాడు, మళ్ళీ గీశాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. చర్మం కందిపోయాక బ్లేడు జారి చెవి తమ్మెలోకి దిగింది. మెడకు చుట్టిన తెల్లగుడ్డ ఎర్రబడింది. అన్న చేతిలో కత్తితో అలాగే నిలబడి, చిన్నోడి మీద విరుచుకుపడ్డాడు.

"చిన్నోడా! ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు, చెయ్యి తేలిగ్గా పెట్టమని! చూడు ఏం చేశావో!"

చిన్నోడు చెయ్యి చాపాడు. "తప్పయిపోయిందన్నా. ఆ కత్తి ఇలా ఇవ్వు."

అన్న ఇచ్చాడు. తిడుతూనే ఇచ్చాడు.

ఆసుపత్రిలో చెవికి కుట్లు వేసిన డాక్టరు, అన్ననీ కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. వదిన ఉరుక్కుంటూ వచ్చింది.

"ఇది ఇవాళ మొదలైంది కాదమ్మా. ఇకమీద ఈయన పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఇంతకుముందు ఎవరూ గమనించలేదా?"

వదిన మరిదివైపు తిరిగింది. "పొద్దస్తమానం పక్కనుండేది నువ్వేగదయ్యా! తెలిసీ నోరు విప్పలేదేం?"

చిన్నోడు ఆవిడ ముఖంలోకి చూశాడు. వదిన మర్చిపోయే మనిషి కాదు. పెరట్లో విన్నదీ మర్చిపోలేదు. అందుకే గొంతు పెంచింది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. అయినా, తను ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడుగా. ఆ తర్వాత గోడవైపు తిరిగింది తనేగా.

మర్నాడు ఇంట్లో కూర్చోబెడితే అన్న తలుపులు బాదుతున్నాడు, షాపుకి వేళయిందని. వదిన తనే షాపుకి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుంది. చిన్నోడు తన గోడవైపు కుర్చీ దగ్గరే నిలబడ్డాడు. లారీ డ్రైవరు వచ్చి, ఎవర్నీ అడక్కుండా తలుపు పక్క కుర్చీలో చేరగిలబడ్డాడు.

"రా, కానియ్. ఇంకా ఎవరి కోసం?"

చిన్నోడు వదినవైపు చూశాడు. ఆవిడ తల తిప్పుకుంది. వెళ్ళి కుర్చీ వెనక నిలబడ్డాడు. అద్దంలో బెంచీ మీద అన్న కనిపించాడు. ఇవాళ కళ్ళు తేటగా ఉన్నాయి.

"వెలుతురు బాగుందారా?" అన్నాడు అన్న.

అడిగాడో, పొడిచాడో అద్దంలో తెలియలేదు. చిన్నోడు బ్లేడు బిగించి, గీయడం మొదలుపెట్టాడు.

"అబ్బా!" అన్నాడు డ్రైవరు. "మెల్లిగా చిన్నోడా! చెయ్యి అంత బరువేంటయ్యా?"