కింది అంతస్తుకి రెండు తలుపులు

ఆ ఆసుపత్రిలో రోగుల్ని పైకీ కిందికీ చేరవేసే పెద్ద లిఫ్టు ఒక్కటే. ఇరవై రెండేళ్ళుగా దాన్ని నడిపింది ఒకావిడే. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి దుప్పట్లు ఉతికేవాళ్ళ దాకా అందరూ ఆవిణ్ణి లిఫ్టమ్మ అనేవాళ్ళు. మీట నొక్కే పనేగా అని తీసిపారేయడానికి లేదు. స్ట్రెచర్ చక్రం గాడిలో పడకుండా, పడుకున్న మనిషికి కుదుపు తెలియకుండా ఆపడం ఆవిడకే చేతనయ్యేది.

ఈ మధ్య ఆ లిఫ్టుకి కొత్త కంట్రోలు పెట్టారు. ఇక మనిషి అక్కర్లేదు, దానంతటదే నడుస్తుందన్నారు. లిఫ్టమ్మని చీటీలు రాసే గదికి మారుస్తామంటే ఆవిడ సరేనని తలూపింది.

లిఫ్టుని వాడకంలోకి తెచ్చే ముందు దాని తీరు సరిచూసే పని ఒక తనిఖీ సంస్థకి అప్పగించారు. అక్కణ్ణుంచి వచ్చింది లిఫ్టమ్మ కూతురే. తల్లి అక్కడే పనిచేస్తోందని ఆ పిల్ల ముందే చెప్పినా, పైవాళ్ళు ఫర్వాలేదన్నారు.

కూతురు స్క్రూడ్రైవరు పట్టుకోదు. యంత్రం ఎలా నడవాలో కంప్యూటర్లో పట్టికలుగా రాస్తుంది. అంతస్తులు ఎన్ని, ఏ తలుపు ఏ అంతస్తుది, ఏ మీట నొక్కితే ఏది కదలాలి. ఆ పైన ఒక నియమం పెడుతుంది: ఏ తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదలకూడదు. ఆ నియమం తప్పే దారి ఒక్కటైనా ఉందేమోనని కంప్యూటరు మూలమూలలా గాలిస్తుంది. మూడు రోజులు గాలించినా ఏమీ దొరకలేదు. రిపోర్టు రాయడమే మిగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు కాగితాలు బల్ల మీద పరిచింది. తల్లి ఎదురుగా కూర్చుని కూర తరుగుతూ, ఈ గళ్ళేమిటని అడిగింది. అంతస్తుకో వరస, వరసలో ఆ అంతస్తు తలుపు, ఆ తలుపు మూసుకుందో లేదో చెప్పే తీగ అని కూతురు వివరించింది. తల్లి వేలితో వరసలు లెక్కపెట్టింది. ఐదు. మళ్ళీ లెక్కపెట్టి, తిరిగి కూర తరగడంలో పడింది.

ఏమైందో చెప్పమని కూతురు బతిమాలింది. తన కుర్చీ లాగేస్తున్నారు కాబట్టి ఏం చెప్పినా అక్కసు కొద్దీ చెప్పిందంటారని తల్లి తప్పించుకోబోయింది. అక్కసో కాదో తాను తేలుస్తాననీ, ఉన్నదేదో చెప్పమనీ కూతురు పట్టుబట్టింది.

"కింది అంతస్తుకి రెండు తలుపులున్నాయి," అంది తల్లి. "ముందుది అందరికీ. వెనకది దుప్పట్ల బండికి. అది తర్వాత కొట్టించారు, పాత ప్లానులో కనపడదు. చేత్తో లాగే తలుపు."

మర్నాడు కూతురు కంట్రోలు తయారుచేసినవాళ్ళ పట్టిక తెప్పించుకుని చూసింది. అందులో అంతస్తు నంబరే వరసకి గుర్తు. ఒక నంబరుకి ఒక్కటే వరస. బిగించినవాళ్ళు కింది అంతస్తు వరసలో మొదట వెనక తలుపు వివరాలు రాశారు, ఆ తర్వాత అదే వరసలో ముందు తలుపువి రాశారు. రెండోది ఎక్కగానే మొదటిది చెరిగిపోయింది. వెనక తలుపు గోడకి ఉంది గానీ లిఫ్టు లెక్కలో లేదు.

కూతురు తన పట్టిక మార్చింది. ప్రతి తలుపుకీ సొంత నంబరిచ్చి, అది ఏ అంతస్తుదో పక్కన రాసింది. ఈసారి కంప్యూటరు గుక్క తిప్పుకునేలోపే నియమం తప్పే దారి ఒకటి చూపించింది. నాలుగే నాలుగు అడుగులు.

కంట్రోలు కంపెనీ ఇంజనీరు ఒప్పుకోలేదు. కాగితం మీద ఏనుగైనా ఎగురుతుందన్నాడు. అయితే చేసి చూద్దామంది కూతురు. ఖాళీ లిఫ్టుని కిందికి తెప్పించి, చుట్టూ తాడు కట్టించి, తల్లి తప్ప ఎవరూ తాడు దాటొద్దని చెప్పి, ఒక్కో అడుగూ చదివింది. తల్లి వెనక తలుపు లాగి తెరిచింది. ముందు వైపుకొచ్చి, బయటే నిలబడి చెయ్యి చాపి మూడో అంతస్తు మీట నొక్కింది. ముందు తలుపు మెత్తగా మూసుకుంది. నాలుగో అడుగు లిఫ్టుదే. అది కదిలింది.

తెరిచిన వెనక తలుపులోంచి లిఫ్టు నేల మోకాలెత్తు లేవడం, దాని కింద చీకటి గొయ్యి బయటపడడం అందరూ చూశారు. ఇంజనీరు పరుగెత్తి ఆపేశాడు.

"దుప్పట్ల బండిని లాక్కుంటూ వెనక్కి నడుస్తూ ఎక్కుతారండీ ఇందులోకి," అంది లిఫ్టమ్మ నెమ్మదిగా. "వెనక ఏముందో చూడరు."

ఇంజనీరు తల దించుకున్నాడు. పట్టిక మార్చి, వెనక తలుపు తీగని కూడా కలిపి, పన్నెండు రోజుల్లో మళ్ళీ తనిఖీకి తెచ్చాడు. ఈసారి ఆరు వరసలు. కూతురు మధ్యాహ్నమంతా వెతికించింది. దారి దొరకలేదు.

"దొరకలేదంటే లేనట్టా, వెతకడం రానట్టా?" అని తల్లి అడిగింది.

రాసినదాంట్లో లేనట్టేననీ, రాయనిది కంప్యూటరుకి తెలియదనీ కూతురు నిజం చెప్పింది. ఆ జవాబు తల్లికి నచ్చింది. పాత లిఫ్టులున్న ఇంకో రెండు ఆసుపత్రులకి ఇలాంటి తలుపులేమైనా ఉన్నాయేమో చూడ్డానికి తమతో రమ్మని ఇంజనీరే వచ్చి ఆవిణ్ణి అడిగినప్పుడు, చీటీల గదికి వెళ్ళే సంగతి తర్వాత చూద్దామని కొత్త చెప్పులు కొనుక్కుంది.

రిపోర్టు కాపీ ఆసుపత్రికి వచ్చిన రోజు లిఫ్టమ్మ దాన్ని దుప్పట్లు ఉతికే గదికి తీసుకెళ్ళింది. పట్టికలు ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఇదిగో ఇది మా అమ్మాయి రాసింది, ఇదీ మా అమ్మాయే రాసింది అని పేజీ పేజీ తిప్పి చూపించింది. బండి లాగే పెద్దాయన నవ్వి, కాకి పిల్ల కాకికి ముద్దు అన్నాడు.

లిఫ్టమ్మ చివరి పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. లోపం కనిపెట్టినది ఎవరు అన్నచోట "లిఫ్టు ఆపరేటరు, ఇరవై రెండేళ్ళ అనుభవం" అని ఉంది. కింద కూతురి సంతకం.

"పిల్లకి కూడా కాకి ముద్దేనయ్యా," అంది.