సీసాలమ్మ చేతులు

"నా కళ్లజోడు ఎక్కడ పెట్టావమ్మా?" అని అత్తగారు పొద్దున్నే అడిగేసరికి, కోడలు గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే, "నేనే ఎక్కడో పెట్టి ఉంటానత్తయ్యా, ఉండండి, వెతుకుతాను," అంది. ఆ కళ్లజోడును ఆమె జన్మలో ముట్టుకోలేదు. చివరికది అత్తగారి దిండు కిందే దొరికింది. ఆ ఇంట్లో వస్తువు పోతే, దొరికేదాకా తప్పు కోడలిది, దొరికాక ఎవరిదీ కాదు. పాలు పొంగినా, పిల్లకి లెక్కల్లో మార్కులు తగ్గినా, మొగుడి చొక్కాకి గుండీ ఊడినా "నా తప్పే" అనేస్తే ఆ పూట గడిచిపోతుందని పెళ్లయిన కొత్తలోనే నేర్చుకుంది. పదమూడేళ్లుగా ఆ మాటను కూరలో ఉప్పులా అన్నిట్లోనూ వేస్తోంది. వాదించాలంటే ఓపిక కావాలి. ఉన్న ఓపికంతా గిన్నెలకే సరిపోతోంది.

చేతులు తుడుచుకుంటుంటే వేళ్ల పగుళ్లు చుర్రుమన్నాయి. మొన్న చెయ్యి తగిలితే మొగుడు ఉలిక్కిపడి, "ఇవి చేతులా, ఉప్పుకాగితాలా? కాస్త క్రీమైనా రాసుకోవచ్చుగా," అన్నాడు. రాసుకోకూడదని, ఎందుకు రాసుకోకూడదో కూడా, ఈ పదకొండు నెలల్లో ఎన్నిసార్లు చెప్పిందో. వింటేగా.

ఊరి మురుగునీటిని శుభ్రం చేసి పొలాలకు పంపే ప్లాంటులో పదకొండు నెలలుగా ఆమె ఉద్యోగం. పంపే నీటిని సీసాల్లో పట్టి పరీక్షిస్తుంది గనక అక్కడందరూ సీసాలమ్మ అంటారు. ఆమె వెతికేది ఒక మొండి రసాయనాన్ని. అడుగంటని పెనాల పూతల్లో, వానకు తడవని కోట్లలో, కొన్ని క్రీముల్లో కూడా ఉంటుందది. మరిగించినా చావదు, ఏళ్లు గడిచినా కుళ్లదు. నీటితో మొక్కలోకి, మొక్కతో మనిషిలోకి వెళ్లి తిష్ట వేస్తుంది. నీటిని బొగ్గు పొరలోంచి పోనిస్తే చాలావరకు ఆ బొగ్గే పట్టుకుంటుంది. అయితే బొగ్గు నిండిపోతే వచ్చినదాన్ని వచ్చినట్టే వదిలేస్తుంది. నిండిపోయింది, మార్చండి అని ఆమె మూడుసార్లు కాగితం పెట్టింది. ఆ కాగితాలు ఏ సొరుగులో నిద్రపోతున్నాయో దేవుడికే తెలియాలి.

ఈసారి పరీక్షలో ఆ రసాయనం హద్దు దాటింది. పెద్దసారు ఆమెను పిలిచి, కుర్చీ చూపించి మరీ కూర్చోబెట్టాడు. అంత మర్యాద ఎందుకో అప్పుడే అనుమానం రావాల్సింది.

"చూడమ్మా, ఆడవాళ్లన్నాక చేతులకి ఏదో ఒకటి రాసుకుంటారు. సీసా పట్టేటప్పుడు క్రీము ఉందని ఒక్క ముక్క రాసెయ్. ఈ పరీక్ష కొట్టేసి నీళ్లు వదిలేద్దాం. బొగ్గు సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే."

"రెండో సీసా శుభ్రంగానే వచ్చింది కదండీ," అంది. పరీక్షకు వెళ్లినప్పుడల్లా ఏ మచ్చా లేని నీళ్లు కొన్ని వెంట తీసుకెళ్లి, వాటిని కూడా అక్కడే, అదే చేత్తో ఇంకో సీసాలోకి వంచుతుంది. చేతిలో దోషముంటే ఆ నీళ్లకూ అంటాలి.

"రెండో సీసా గురించి నిన్నెవరడిగారమ్మా? నీ ఉద్యోగానికేం కాదు, నాదీ పూచీ."

బయటికొచ్చి మొగుడికి ఫోన్ చేసింది. అంతా విని ఆయన నవ్వాడు. "రాసిచ్చెయ్, నీ సొమ్మేం పోయింది? ఇంట్లో రోజూ అనే మాటేగా."

ఏడుపొచ్చింది. ఆయన అన్నది అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు.

కాలవ గట్టు మీద పాలకూర మళ్లు వేసుకున్న పెద్దమ్మ ఎదురుచూస్తోంది. "నీళ్లు వదలమని చెప్పమ్మా, మడి ఎండిపోతోంది. నువ్వు పట్టి చూశావంటే నాకే దిగులూ ఉండదు," అంటూ ఎప్పటిలాగే ఓ కట్ట చేతిలో పెట్టింది. "మీ పాపకి వండిపెట్టు." ఎన్ని నెలలుగానో వండిపెడుతూనే ఉంది. వద్దనడానికి నోరు రాలేదు. పట్టుకుని నిలబడడానికీ మనసొప్పలేదు. "ఇప్పుడప్పుడే వదలరు పెద్దమ్మా. ఉన్న ఆకు కొయ్యకు. ఎందుకో సాయంత్రం వచ్చి చెప్తాను," అంది. పెద్దమ్మ సణుక్కుంటూ వెళ్లిపోయింది. ఆ సణుగుడు కూడా న్యాయమే.

లోపలికొచ్చి, కట్టను బల్లమీద పెట్టి పరీక్ష కాగితం ముందేసుకుంది. దానిమీద ఆమె సంతకం లేనిదే నీళ్లు వదిలే గేటు ఎత్తకూడదు. పెన్ను పట్టుకుంటే పగులు నొప్పెట్టింది. కారణం అన్న గడిలో నెమ్మదిగా రాసింది. 'చేతులకు పదకొండు నెలలుగా ఏమీ రాసుకోలేదు. రెండో సీసా శుభ్రం. దోషం నీటిలోనే ఉంది. బొగ్గు మార్చేదాకా వదలరాదు.' కింద సంతకం పెట్టింది.

ఇంతలో ఫోన్ మోగింది. మొగుడే. "బండి తాళాలు ఎక్కడ పెట్టావు?"

పాత మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను పెట్టలేదు," అని, కాగితం తీసుకుని పెద్దసారు గదివైపు నడిచింది.